అప్‌గ్రేడ్ జోలికి పోకుండా పక్కనే ఇంకో లైనక్స్

తిరుపతిలో బాలాజీ కాలనీ వైపు జిరాక్స్ షాపుల్లో చూడండి, మూలన ఒక పాత కంప్యూటర్, దానికో పాత లేజర్ ప్రింటర్, 300 రూపాయల దర్శనం టికెట్ల ప్రింట్లన్నీ దాని మీదే. అలాంటి మెషిన్‌లో లుబుంటు 22.04 (ఉబుంటు లైనక్స్‌లోనే తేలికైన రకం) ఉందనుకోండి. దానికి సపోర్ట్ 2025 ఏప్రిల్‌తోనే అయిపోయింది. అప్‌గ్రేడ్ కొట్టేస్తే పోలా అంటారు గానీ, నానా తంటాలు పడి ఎక్కించిన ప్రింటర్ డ్రైవర్ కొత్తదాంట్లో మొరాయిస్తే, కొండకెళ్లే బస్సుకు టైమైందని జనం నెత్తి మీద నిలబడితే, ఆ టెన్షన్ ఎవరు పడతారు? పాతదాన్ని ప్రింటింగ్‌కే వదిలేసి, నెట్ పనులకు కొత్తది పక్కన వేసుకోండి.

కొత్తదిగా మళ్లీ ఉబుంటు కుటుంబంలోదే తీసుకోవద్దు. యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన బూట్ పద్ధతి) మెషిన్లలో లుబుంటు, దాని తోబుట్టువు జుబుంటు రెండూ బూట్ ఫైళ్లను ఉబుంటు అనే ఒకే ఫోల్డర్‌లో పెడతాయి, ఒకదాని మీద ఇంకొకటి రాసేసుకుంటాయి. డెబియన్ అనే ఇంకో లైనక్స్ మీద కట్టిన ఎంఎక్స్ లైనక్స్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న రకం, తీసుకుంటే ఆ గొడవ ఉండదు. మెషిన్ మరీ ముసలిదైతే ఇంకా తేలికైన యాంటీఎక్స్ లైనక్స్.

ముందు ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, ఇందులో బద్ధకం వద్దు. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేసి, జీపార్టెడ్ అనే ప్రోగ్రామ్‌లో పాత పార్టిషన్ (డిస్క్‌లో దాని భాగం) తగ్గించి, కొత్తదానికి 30 జీబీ, మిగిలింది డేటాకని ఇంకో పార్టిషన్ చేయండి. ఇన్‌స్టాల్ అప్పుడు డిస్క్ మొత్తం వాడుకోమనే ఆప్షన్ ముట్టుకోకుండా పార్టిషన్లు మీరే ఎంచుకోండి. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌ని ఫార్మాట్ చేయొద్దు.

స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగం) ఉంటే దాన్నీ ఫార్మాట్ చేయొద్దు. చేస్తే దాని యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు నంబర్) మారిపోతుంది, పాత లుబుంటు బూట్ అయ్యేటప్పుడు లేని స్వాప్ కోసం 90 సెకన్లు ఎదురుచూస్తూ నల్ల స్క్రీన్ మీద ఆగిపోతుంది. అది చూసి సిస్టమ్ పోయిందనుకుని అంతా చెరిపి మళ్లీ ఎక్కించేవాళ్లున్నారు. పాత లుబుంటులో, బూట్ అప్పుడు ఏ పార్టిషన్లు తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో కొత్త యూయూఐడీ రాస్తే ఆ 90 సెకన్ల ఎదురుచూపు పోతుంది.

హోమ్ (మీ ఫైళ్లూ సెట్టింగ్సూ ఉండే ఫోల్డర్) మాత్రం దేనిది దానికే ఉండాలి. కలిపితే కొత్త వెర్షన్ రాసిన సెట్టింగ్స్ పాతదానికి ఎక్కకపోవచ్చు. డేటా పార్టిషన్‌ని రెండింట్లోనూ మౌంట్ చేసి (తగిలించి), డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని దానికి లింక్ చేయండి. టికెట్ పీడీఎఫ్ కొత్తదాంట్లో దించి, రీస్టార్ట్ చేసి, పాతదాంట్లో ప్రింట్ కొట్టొచ్చు. ప్రతి టికెట్‌కీ రీస్టార్ట్ అంటే విసుగే, నాలుగైదు పోగయ్యాక ఒకేసారి కొట్టడం నయం. ఒకదాన్ని హైబర్నేట్‌లో (తెరిచిన పనంతా డిస్క్‌లో దాచి ఆపేయడం) పెట్టి రెండోది తెరిచారంటే మాత్రం ఆ డేటా పార్టిషన్ పాడవుతుంది, పూర్తిగా షట్‌డౌన్ చేయాల్సిందే.

బూట్ మెనూలో పాతది కనబడకపోతే కంగారు పడొద్దు, బూట్ మెనూ చూపించే ప్రోగ్రామ్ గ్రబ్‌లో 2.06 వెర్షన్ నుంచి వేరే సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ని మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. కొత్తదాంట్లో గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్ తెరిచి, ఓఎస్-ప్రోబర్ డిసేబుల్ అన్న లైన్‌కి ఫాల్స్ అని ఇచ్చి, అప్‌డేట్-గ్రబ్ కమాండ్ నడపండి.

పాతదాంట్లో నెట్ కట్ చేసేయండి, సెక్యూరిటీ అప్‌డేట్లు రాని సిస్టమ్‌లో బ్యాంకు లాగిన్లు అసలే వద్దు. ఎప్పుడైనా ప్రింటర్ కొత్తదాంట్లోనూ పలికితే, బయోస్‌లో ముందుగా లేచేది కొత్తదాని గ్రబ్బేనా అని చూసుకుని, జీపార్టెడ్‌లో పాత పార్టిషన్ తీసేసి, అప్‌డేట్-గ్రబ్ ఇంకోసారి కొట్టండి.