కారు సస్పెన్షన్ సొంతంగా, 4వ పాఠం: స్ట్రట్ మీద స్ప్రింగు ఎక్కించడం

పోయిన పాఠంలో చక్రం విప్పి, షాక్ అబ్జార్బరూ దాని చుట్టూ స్ప్రింగూ కలిసి ఒకే కాలుగా ఉండే స్ట్రట్‌ను కారు నుంచి దించి, పాత స్ప్రింగును నొక్కి పట్టి, పై నట్టు తీసి, అన్నీ విడదీశాం. ఇప్పుడు మీ ముందు పాత గుడ్డ మీద ఇవి ఉండాలి: కొత్త షాక్ అబ్జార్బర్, కొత్త స్ప్రింగు, దాని కింద ఒకటి పైన ఒకటి రబ్బర్లు, బంప్ స్టాప్ (షాక్ అబ్జార్బర్ పూర్తిగా కుంగినప్పుడు గుద్దుకోకుండా ఆపే రబ్బరు దిమ్మె), దుమ్ము తొడుగు, పై పళ్లెం, బేరింగు, టాప్ మౌంటు (స్ట్రట్ పై కొసను కారు బాడీకి బిగించే దిమ్మె), కొత్త నట్టు. విప్పిన వరుసలోనే పరిచారా? పరచలేదంటే విప్పేటప్పుడు తీసిన ఫొటోలు చూసుకోండి. ఫొటోలూ తీయలేదంటే రెండో వైపు స్ట్రట్ ఇంకా కారుకే ఉంది, వెళ్లి దాన్ని చూడండి. రెండు వైపులా ఒకేసారి విప్పవద్దని నేను అంతగా పోరింది ఇందుకే.

ముందు ఒక లెక్క. స్ప్రింగును ఒక మిల్లీమీటరు కుదించడానికి 2 కిలోల బరువు పడుతుందనుకోండి. చిన్న కార్ల ముందు స్ప్రింగులు ఇంచుమించు ఆ కోవలోనివే. దాన్ని 150 మిల్లీమీటర్లు కుదిస్తే కొక్కేల మీద 300 కిలోల ఒత్తిడి ఉంటుంది. అందులో దాగిన శక్తి, 25 కిలోల బియ్యం బస్తా నడుమెత్తు నుంచి జారిపడే దెబ్బకు సమానం. బస్తా అయితే కిందికే పడుతుంది. స్ప్రింగు ఎటు ఎగురుతుందో చెప్పలేం.

ఈ పనికి కావలసింది స్ప్రింగ్ కంప్రెసర్. చెన్నైలో కారు విడిభాగాలు దొరికే పుదుపేటలో ఒట్టి కంప్రెసర్ అని అడిగితే ఏసీ కంప్రెసర్ తెచ్చి ముందు పెడతారు, పూర్తి పేరు చెప్పండి. జంటగా వస్తుంది: రెండు పొడవాటి మర కడ్డీలు, ఒక్కో కడ్డీకి పైనొక కొక్కెం, కిందొక కొక్కెం. కొనేటప్పుడు ధర కంటే ముందు రెండు విషయాలు చూడండి. కొక్కెం నుంచి స్ప్రింగు బయటికి జారకుండా అడ్డంగా దిగే పిన్ను ఉందా? మరల్లో నట్టు మొదటి నుంచి చివరి దాకా చేతితో తిప్పితే తిరుగుతోందా? రెండింటిలో ఏది లేకపోయినా వదిలేయండి.

నా మొదటి స్ప్రింగు కథ ఇక్కడ చెప్పాలి. అప్పట్లో పెరంబూరులో నాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. పక్క వర్క్‌షాపులో కంప్రెసర్ అరువు తెచ్చాను. పిన్నులు లేవు, కొక్కేల లోపలి అంచులు అరిగి నున్నబడ్డాయి. రెండు కడ్డీలనూ ఎదురెదురుగా పెట్టాననుకున్నాను కానీ, నిజానికి రెండూ ఒక పక్కకే దగ్గరయ్యాయి. సగం దాకా బిగించేసరికి స్ప్రింగు అరటిపండులా వంగింది. టిక్కుమని చిన్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు దగ్గరే ఆగవలసింది. ఇంకో రెండు తిప్పులు తిప్పాను. కొక్కెం చుట్టు వాలు వెంట జారి రెండో కొక్కేన్ని తాకింది, స్ప్రింగు ఎగిరి మూల నున్న ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె నడుము పగలగొట్టింది. లారీ నీళ్లన్నీ షెడ్డు పాలు. నా తల ఆ దారిలో లేదు, అంతే. ఆ రోజుకు నీళ్ల లారీ మళ్లీ రాలేదు.

చప్పుడు ముందే హెచ్చరిస్తుంది, ఇది గుర్తుంచుకోండి. స్ప్రింగు చుట్టు వాలుగా ఉంటుంది కనుక బిగించేకొద్దీ కొక్కెం ఆ వాలు వెంట జారాలనే చూస్తుంది. మీరు వినే టిక్కు ఆ జారుడుదే. వినపడగానే బిగింపు వదులు చేసి, కొక్కేలు సర్ది, మళ్లీ మొదలుపెట్టండి. పది నిమిషాలు పోతాయి, పోనీయండి.

ఇక పని. స్ప్రింగు జోలికి పోకముందే ఒక కొలత తీసుకోవాలి. స్ప్రింగు లేకుండా మిగతా వస్తువులన్నీ స్ట్రట్ మీద పేర్చండి. షాక్ అబ్జార్బర్ కడ్డీని పూర్తిగా పైకి లాగి, నట్టును చేతితో చివరి దాకా ఎక్కించండి. కింది పళ్లెంలో రబ్బరు పై అంచు నుంచి పై పళ్లెం రబ్బరు కింది అంచు దాకా స్కేలుతో కొలవండి. అది 290 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. స్ప్రింగును 275 దాకా కుదిస్తే చాలు, హాయిగా కూర్చుంటుంది. చాలామంది ఈ కొలత తీసుకోరు. కంటికి చాలనిపించేదాకా నొక్కుతూ పోతారు, చుట్టు చుట్టుకు తగిలేదాకా కూడా. అవసరం లేని ప్రతి మిల్లీమీటరూ చేతులకు ప్రమాదమే.

కంప్రెసర్ మరలకు గ్రీజు రాయండి. స్ప్రింగును బల్ల మీద పడుకోబెట్టి, ఒక కడ్డీని ఒక పక్కన, రెండోదాన్ని సరిగ్గా దానికి ఎదుట పెట్టండి. గడియారంలో 12, 6 ఎలా ఉంటాయో అలా. పై కొక్కేనికీ కింది కొక్కేనికీ మధ్య వీలైనన్ని ఎక్కువ చుట్లు ఉండాలి. కానీ కొక్కేన్ని స్ప్రింగు చిట్టచివరి చుట్టుకు తగిలించవద్దు. ఆ చుట్టు పళ్లెంలో కూర్చోవాలి, అక్కడ కొక్కెం ఉంటే స్ప్రింగు కూర్చోదు, కూర్చున్నా తరవాత కొక్కెం బయటికి రాదు. నేను ఒకసారి మొత్తం బిగించాక చూసుకుంటే ఒక కొక్కెం పళ్లెం కింద ఇరుక్కుపోయి ఉంది, మళ్లీ మొదటి నుంచీ విప్పవలసివచ్చింది. కడ్డీ ఏ పక్క ఉంటే బయటికి లాగడం సులువో ఇప్పుడే ఊహించుకోండి. పిన్నులు దించండి.

కొక్కెం కింద గుడ్డ ముక్క పెడితే స్ప్రింగు రంగు గీసుకుపోదని కొందరు చెబుతారు. పెట్టవద్దు, గుడ్డ జారుతుంది. ప్లాస్టిక్ తొడుగులతో వచ్చే కొక్కేలు దొరికితే తీసుకోండి. లేకపోతే పనయ్యాక గీతల మీద రంగు పూయండి. ఈ ఊళ్లో అది మానకూడని పని. సముద్రం ఒడ్డునున్న తిరువొత్తియూరు, ఎన్నూరు వైపు నుంచి వచ్చే కార్లలో కింది చుట్టు విరిగిన స్ప్రింగులు నా చేతి మీదుగా చాలా పోయాయి. పూత లేచిన చోట ఉప్పు గాలి తగులుతుంది, తుప్పు పడుతుంది, గుంతలో చక్రం పడినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది.

బిగించడం చేతి రాట్చెట్‌తోనే. ఇంపాక్ట్ గన్ (గాలితోనో కరెంటుతోనో నట్లు తిప్పే మిషను) వద్దు, ఆ వేగానికి మరలు వేడెక్కి పట్టేస్తాయి. ఒక వైపు రెండు తిప్పులు, ఎదుటి వైపు రెండు తిప్పులు, ఇలా మార్చి మార్చి. ఐదారు విడతలకు ఒకసారి ఆగి, రెండు కడ్డీల మీదా నట్టు దాటిన మరల పొడవు కొలవండి. ఒకటి ఎక్కువైతే రెండోదాన్ని దానితో సమానం చేయండి. స్ప్రింగు రెండు చివరలూ మీ వైపు గానీ తలుపు వైపు గానీ ఉండకూడదు, గోడ వైపు తిప్పి పెట్టుకోండి. 275 రాగానే ఆపండి. ఆ స్థితిలో దాన్ని వదిలి టీకి వెళ్లవద్దు.

ఇంతకూ ఈ ప్రయాస ఎందుకంటే, స్ట్రట్‌లో షాక్ అబ్జార్బర్ చుట్టూనే స్ప్రింగు ఉండడమే కారణం. ఈ అమరికను 1940ల చివర్లో రూపొందించిన ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరే దానికి నిలిచిపోయింది. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800తో ఇది వీధి వీధికీ చేరింది. అంబాసిడర్ ముందు చక్రాలకు చుట్ల స్ప్రింగులే లేవు, మెలి తిరిగే కడ్డీలు ఉండేవి. కానీ మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు ముందు వైపు షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు ఉండేది. దాని మీద చేయి తిరిగిన పెద్దవాళ్లకు ఈ కొక్కేల పని కొత్త కాదు.

కొత్త షాక్ అబ్జార్బర్‌ను నిలువుగా పట్టుకొని కడ్డీని నెమ్మదిగా నాలుగైదు సార్లు కిందికీ పైకీ ఆడించండి. పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి పైకి పోతుంది. గ్యాసు ఉన్నదైతే కడ్డీ తనంతట తానే పైకి లేస్తుంది. నూనె మాత్రమే ఉన్నదైతే మీరే పైకి లాగి ఉంచాలి. బంప్ స్టాప్, దుమ్ము తొడుగు ఎక్కించండి. తొడుగు చిరిగి ఉంటే కొత్తది వేయండి. దానికి మిగిల్చే డబ్బు ఆయిల్ సీలుకు (లోపలి నూనె కారకుండా కడ్డీ చుట్టూ ఉండే రబ్బరు వలయం) పోస్తారు.

స్ప్రింగును కంప్రెసర్‌తో సహా రెండు చేతులతో పక్కల పట్టుకొని స్ట్రట్ మీదికి దించండి. ఇప్పుడు కింది పళ్లెంలోకి దగ్గరగా చూడండి. అంచున ఒక చోట మెట్టులా ఉంటుంది. స్ప్రింగు కొస వచ్చి ఆ మెట్టుకు ఆనాలి. మెట్టు ఎక్కి కూర్చుంటే నడిచేటప్పుడు టకటకమని శబ్దం, స్టీరింగు తిప్పినప్పుడు ఇంకో శబ్దం వస్తాయి, స్ప్రింగు కూడా త్వరగా పోతుంది. స్ప్రింగును కాస్త తిప్పుతూ, కొస మెట్టుకు తగిలిందని వేలికి తెలిసేదాకా సర్దండి. కొన్ని స్ప్రింగులకు పైన కింద వేరుగా ఉంటాయి. రంగు గుర్తు ఏ చివర ఉందో పాతదానితో పోల్చండి.

ఆ పైన రబ్బరు, పై పళ్లెం, బేరింగు, టాప్ మౌంటు. బేరింగు తిరగబడితే స్టీరింగు బరువెక్కుతుంది, ఫొటో చూసి పెట్టండి. టాప్ మౌంటు బోల్టులు కింది బ్రాకెట్‌తో ఏ కోణంలో ఉండాలో విప్పేటప్పుడు సున్నంతో గీత గీయించాను కదా, ఆ గీతలు కలవాలి.

కొత్త నట్టు పెట్టండి. కడ్డీ తిరగకుండా దాని నెత్తిన ఉన్న గుంటలో అలెన్ కీ పెట్టి, వంపు ఉన్న రింగు స్పానర్‌తో నట్టు బిగించండి. ప్లయర్‌తో కడ్డీని పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకోకండి. క్రోమ్ పూత మీద గోటి గీతంత గీత చాలు, ప్రతి గుంతకూ అది సీలును కోస్తూ ఉంటుంది. బిగింపు ఎంతో మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది, బిగింపును కొలిచే టార్క్ రెంచితో అంతే బిగించండి.

నట్టు పూర్తిగా కూర్చొని, కడ్డీ కొస దాని పైకి కనిపించాకే కంప్రెసర్ వదలడం. బిగించినట్టే మార్చి మార్చి, రెండేసి తిప్పులు. మధ్యలో ఒకసారి ఆగి కింది మెట్టు చూడండి, స్ప్రింగు కొస పక్కకు జరిగితే ఇంకా సర్దుకోవచ్చు. కొక్కేలు చేతితో తీసేంత వదులయ్యాక పిన్నులు ఎత్తి కడ్డీలు బయటికి లాగండి. మా షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాడు ఒకసారి కొక్కెం పట్టేసిందని సుత్తి తీశాడు. "సుత్తి కింద పెట్టరా, అది పట్టేయలేదు, స్ప్రింగు ఇంకా దాని మీదే ఉంది" అన్నాను. ఇంకో మూడు తిప్పులు వదులు చేస్తే అదే ఊడి వచ్చింది.

పూర్తయిన స్ట్రట్‌ను నిలబెట్టి, టాప్ మౌంటును చేతితో పట్టుకొని తిప్పి చూడండి. గరగర లేకుండా తిరగాలి. గీతల మీద రంగు పూసి ఆరనివ్వండి. దీన్ని కారుకు బిగించడం, ఆ తరవాత రెండో వైపుది విప్పడం 5వ పాఠంలో.