చికెన్ కొనేముందు ఒకటిన్నరతో గుణించి చూడండి

ఆదివారం పొద్దున చిత్తూరులో చికెన్ అంగడి ముందు నిలబడితే బోర్డు మీద లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్ అని మూడు రేట్లు ఉంటాయి, ఏది లాభమో తేల్చుకునేలోపు వెనకాల వాళ్లు తొందరపెడతారు. నేను ఇప్పుడు చేసేది ఇంతే: లైవ్ రేటును ఒకటిన్నరతో గుణిస్తాను. రెండు కిలోల బాయిలర్ కోడి తోలు తీసి శుభ్రం చేస్తే సుమారు 1.3 కిలోల కూర వస్తుంది, అందుకే ఆ లెక్క. లైవ్ 140 అనుకుంటే 210 అవుతుంది, బోర్డులో స్కిన్‌లెస్ 240 ఉంటే కోడినే తూకం వేయించి కోయించుకుంటాను. కిలోకి 30 మిగిలినట్టే, పైగా కోడి తాజాదని కళ్లారా చూస్తాం. లివరు, కందనకాయ కూడా అడిగి వేయించుకోండి, చాలామంది మర్చిపోతారు.

తూకానికి ముందు కోడి మెడ కింద తడిమి చూడండి, మేత నిండి గట్టిగా ఉంటే ఆ బరువుకీ మనమే డబ్బు కట్టాలి, ఇంకో కోడి అడగండి. రాగి సంగటిలోకి నాటుకోడి తీసుకునేటప్పుడు మాత్రం ఈ లెక్క పనికిరాదు, దాన్ని తోలుతోనే కాల్చి పసుపు రాసి ఇస్తారు, కూర ఎంత వస్తుందో కోడికో రకంగా ఉంటుంది.