నీటి జాడ పట్టుకొని క్రాంఫర్డ్‌ను చూడడం ఎలా?

ఇంగ్లండులోని డార్బీషైర్‌లో ఉన్న క్రాంఫర్డ్‌కు వెళ్లినవారు సాధారణంగా నేరుగా మిల్లు ద్వారం దగ్గరికే చేరుకుంటారు. దానికి బదులు, గ్రేహౌండ్ సత్రం వెనుకనున్న చెరువు గట్టున నడక మొదలుపెట్టండి. బాన్సల్ వాగు నీటిని మిల్లు కోసం నిలవచేసిన చెరువు అది.

అక్కడి నుంచి నీరు పల్లానికి సాగిన వైపే నడవాలి. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటిశక్తితో నూలు వడికే మిల్లును ఇక్కడ కట్టినప్పుడు, చేరువలోనే పారుతున్న డెర్వెంట్ నదిని వదిలి, ఈ చిన్న వాగునూ, సీసపు గనుల్లో ఊరే నీటిని బయటికి పంపేందుకు తవ్విన సొరంగ కాలువనూ నమ్ముకున్నాడు. భూగర్భం నుంచి గోరువెచ్చగా వచ్చే ఆ నీరు చలికాలంలోనూ గడ్డకట్టదు కనుక, చక్రం ఆగవలసిన అవసరం ఉండేది కాదు. మిల్లు దగ్గర రోడ్డుకు అడ్డంగా, తల ఎత్తితే కనిపించేటట్లు, 1821 నాటి పోతఇనుప కాలువ ఉంది. దాని కింద కాసేపు నిలబడకుండా ముందుకు వెళ్లవద్దు.

ఆవరణలో మొదటి మిల్లు మూడు అంతస్తులతో కనిపిస్తుంది. అసలు కట్టినవి ఐదు. పై రెండూ 1929 నాటి అగ్నిప్రమాదంలో పోయాయి. రోడ్డు వైపు గోడను మాత్రం బయటి నుంచే చూడాలి. కింది భాగంలో కిటికీలు లేని ఆ గోడ, నా దృష్టిలో, కార్ఖానా కన్నా కోటకే దగ్గరగా ఉంటుంది.

తరువాత నార్త్ స్ట్రీట్‌కు వెళ్లండి. 1776 ప్రాంతంలో కార్మికుల కోసం కట్టిన ఈ రాతి ఇళ్ల మూడో అంతస్తులో వరుసగా ఉన్న కిటికీలను గమనిస్తే, స్త్రీలూ పిల్లలూ మిల్లులో పనిచేస్తుండగా మగవారు ఆ వెలుతురులో మగ్గం నేసేవారన్న సంగతి బోధపడుతుంది. ఇప్పటికీ మనుషులు కాపురముంటున్న ఇళ్లు కనుక, వీధిలో నుంచే చూడడం మర్యాద.

సమయం మిగిలితే, డెర్వెంట్ ఒడ్డున ఆర్క్‌రైట్ 1783లో కట్టిన మేసన్ మిల్లు వరకు నడవండి. మరింత లోతున తవ్విన మరో గని సొరంగం 1840లలో క్రాంఫర్డ్ మిల్లుకు వచ్చే గని నీటిని లాగేసుకోవడంతో దాని పని క్షీణించింది. నదినే ఆధారం చేసుకొన్న మేసన్‌లో మాత్రం 1991 వరకు నూలు వడికారు.