వృద్ధుల ఆరోగ్యం లెక్కలు: అంకె ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది

నిధుల దరఖాస్తుకో, జిల్లా నివేదికకో, పత్రిక వ్యాసానికో వృద్ధుల ఆరోగ్యం మీద నాలుగు అంకెలు కావాల్సి వస్తుంది. వెతికితే నలభై దొరుకుతాయి, వాటిలో ఏ రెండూ పొసగవు. దేశంలో వృద్ధులు ఒకచోట 8.6 శాతం, ఇంకోచోట 10.1 శాతం. కుంగుబాటు ఉన్నవాళ్లు ఒక వరుసలో నూటికి ఒక్కరు కూడా లేరు, దాని కింది వరుసలో ఎనిమిది మంది. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు. ఎవరిని అడిగారు, అడిగి రాశారా కొలిచి రాశారా, ఎప్పుడు, ఏ సరిహద్దుల లోపల? ఈ నాలుగూ తెలియకుండా అంకెను ఎత్తి రాసుకోకూడదు.

ముందు తలలు

రోగాల సంగతి తర్వాత, ముందు హారం కావాలి. మన దేశంలో చట్టానికీ చాలా పథకాలకీ వృద్ధులంటే 60 ఏళ్లు దాటినవాళ్లు. అంతర్జాతీయ పట్టికలు చాలావరకు 65 నుంచి మొదలవుతాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే పోలిక మొదట్లోనే చెడిపోతుంది.

2011 జనగణన ప్రకారం 60 దాటినవాళ్లు 10.38 కోట్లు, అంటే 8.6 శాతం. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఈ మధ్యకాలానికి వాడుకలో ఉన్నవి జాతీయ జనాభా కమిషన్ సాంకేతిక బృందం 2020లో ఇచ్చిన అంచనాలు. వాటిలో 2021కి 10.1 శాతం, దాదాపు 13.8 కోట్లు. 2036కి 22.7 కోట్లు, ఇంచుమించు 15 శాతం. వీటిని వాడేటప్పుడు ‘అంచనా’ అన్న మాట తప్పనిసరిగా రాయాలి. లెక్కపెట్టిన సంఖ్యకూ లెక్కగట్టిన సంఖ్యకూ తేడా ఉంది.

తెలుగువాళ్లు తరచూ పడే గొయ్యి ఒకటుంది. 2011లో ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులు 9.8 శాతం, 2021 అంచనాలో 12.4 శాతం. ‘పదేళ్లలో 2.6 శాతం పాయింట్లు పెరిగింది’ అని రాసేస్తారు. మొదటిది ఉమ్మడి రాష్ట్రం, రెండోది విడిపోయిన రాష్ట్రం. ఆ తీసివేతకు అర్థం లేదు. పోల్చాలంటే జనగణన సీ-14 పట్టిక తీయండి. అయిదేళ్ల వయసు గుంపుల లెక్క అందులో జిల్లాలవారీగా ఉంటుంది. 23 జిల్లాల్లో తెలంగాణ పదింటినీ వేరుచేసి, మిగిలిన పదమూడింటిని కూడండి. అప్పటికీ లెక్క అచ్చుగుద్దినట్టు రాదు, ఎందుకంటే 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. పట్టిక కింద ఆ ఒక్క వాక్యం రాస్తే చాలు.

కొత్త జిల్లాల కోసమైతే పని ఇంకాస్త చికాకు. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబరులో 31, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. మండల స్థాయి ప్రాథమిక పట్టికలో వయసు వివరం 0–6 పిల్లలకే ఉంటుంది, ముసలివాళ్ల లెక్క ఉండదు. కాబట్టి కొత్త జిల్లాలోకి వచ్చిన మండలాల మొత్తం జనాభాను గ్రామీణ, పట్టణ వేర్వేరుగా కూడి, పాత జిల్లాలోని గ్రామీణ, పట్టణ వృద్ధుల శాతాలను వాటికి వర్తింపజేయాలి. గ్రామీణం, పట్టణం కలిపేస్తే హైదరాబాదును ఆనుకుని ఉన్న జిల్లాల్లో లెక్క బాగా పక్కకు పోతుంది.

ఒక్కో ఏడాది వయసు పట్టిక, అంటే సీ-13, తెరిస్తే 60, 65, 70 దగ్గర సంఖ్యలు కొండల్లా లేచి ఉంటాయి. పుట్టిన తేదీ తెలియనివాళ్లు ‘అరవై ఉంటాయిలే’ అంటారు, గణకుడు అదే రాసుకుంటాడు. 58, 59 ఏళ్లవాళ్లు కూడా 60లోకి దొర్లుకొస్తారు. పింఛను ఆశ దీనికి తోడు. అందుకే ఒక్కో ఏడాది లెక్కను నమ్మకండి. 60–64 గుంపు కూడా కొంత ఉబ్బి ఉంటుందని గుర్తుంచుకుని, ఆరోగ్యం విషయానికి 60–69, 70–79, 80 పైన అని పదేళ్ల గుంపులు వాడండి.

రోగాల లెక్క: అడిగినదా, కొలిచినదా

వృద్ధాప్యం మీదే చేసిన పెద్ద సర్వే లాసి (LASI, భారతదేశంలో వృద్ధాప్యంపై దీర్ఘకాలిక అధ్యయనం). ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ హార్వర్డ్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలతో కలిసి చేసింది. మొదటి విడత క్షేత్రపని 2017–18లో, నివేదిక 2021 జనవరిలో. 45 ఏళ్లు దాటినవాళ్లు, వయసుతో నిమిత్తం లేకుండా వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 72 వేల పైచిలుకు మంది. ఇందులో 60 దాటినవాళ్లు 31,464. ‘72 వేల మంది వృద్ధులపై సర్వే’ అని రాస్తే సగానికి పైగా అబద్ధమే.

మొదట్లో చెప్పిన కుంగుబాటు వైరుధ్యం ఈ సర్వేలోదే. ‘మీకు కుంగుబాటు ఉందని డాక్టరు చెప్పారా’ అని అడిగితే 60 దాటినవాళ్లలో 0.8 శాతం అవునన్నారు. లక్షణాల ప్రశ్నావళితో చూస్తే 8.3 శాతం. పది రెట్లు. మొదటిది జబ్బు ఎంత ఉందో చెప్పదు, డాక్టరు దాకా ఎంతమంది వెళ్లారో చెబుతుంది. బీపీ, షుగరు విషయంలోనూ ఇదే. ‘నిర్ధారణ అయినట్లు చెప్పినవారు’, ‘కొలతలో తేలినవారు’ అని రెండు వరుసలుంటే రెండూ తీసుకోండి. ఆ రెండింటి మధ్య ఖాళీ చాలాసార్లు విడి అంకెల కంటే ఎక్కువ చెబుతుంది. ఇంకో మెలిక, మతిమరుపు ముదిరి జవాబు చెప్పలేని వాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు జవాబిస్తారు. ఆ ఫారాల్లో జ్ఞాపకశక్తి, మానసిక స్థితి ప్రశ్నలుండవు. అంటే బాగా దెబ్బతిన్నవాళ్లే ఆ శాతాల బయట మిగిలిపోతారు.

రెండోది జాతీయ నమూనా సర్వే 75వ విడత, 2017 జులై నుంచి 2018 జూన్ వరకు, 1,13,823 కుటుంబాలు. గత 15 రోజుల్లో ఏదైనా అనారోగ్యం ఉందా అని అడిగితే మొత్తం జనాభాలో 7.5 శాతం, 60 దాటినవాళ్లలో 27.7 శాతం ఉందన్నారు. ఇక్కడ కేరళ దేశంలో అన్నిటికంటే ‘జబ్బు’ రాష్ట్రంగా కనబడుతుంది, బిహార్ ఆరోగ్యంగా కనబడుతుంది. వృద్ధులు ఎక్కువగా ఉండటం ఒక కారణం. పరీక్ష చేయించుకున్నవాళ్లే జబ్బు ఉందని చెప్పగలరన్నది అంతకంటే పెద్ద కారణం. మోకాళ్ల నొప్పిని ‘వయసు’ అని వదిలేసే ఊళ్లో అది జబ్బుగా నమోదు కాదు. ఈ శాతంతో రాష్ట్రాలకు ర్యాంకులిచ్చే పని పెట్టుకోకండి.

ఆసుపత్రి చేరికలకు ఇదే సర్వే 365 రోజుల జ్ఞాపకం అడుగుతుంది. ఆ ఏడాదిలో కన్నుమూసినవాళ్ల వివరాలు వేరే బ్లాకులో, అంటే ప్రశ్నావళిలో వేరే భాగంలో ఉంటాయి. వృద్ధుల వైద్య ఖర్చు లెక్కకు ఆ బ్లాకు కలపకపోతే ఆఖరి రోజుల ఖర్చు మొత్తం జారిపోతుంది.

మూడోది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అయిదో విడత, 2019–21. వాడకం దీనిదే ఎక్కువ, వృద్ధుల విషయంలో పనికొచ్చేది మాత్రం అన్నిటికంటే తక్కువ. ఇందులో బీపీ ఉన్న మహిళలు 21.3 శాతం, పురుషులు 24 శాతం అన్నది 15 ఏళ్లు దాటిన అందరి లెక్క. నాలుగో విడతలో మహిళలకు 15–49, పురుషులకు 15–54 వయసులోనే కొలిచారు. ఈ రెంటినీ పోల్చి ‘బీపీ ఎగబాకింది’ అనేవాళ్లు కొలిచిన వయసు మారిన సంగతి మరచిపోతారు. జిల్లా పట్టికలో కుండలీకరణాల్లో ఉన్న అంకె 25–49 మంది మీద ఆధారపడింది, నక్షత్రం గుర్తుంటే 25 మంది కూడా లేరు. నక్షత్రాన్ని సున్నాగా టైపు చేసిన నివేదికలు తిరుగుతున్నాయి, జాగ్రత్త.

మరణ కారణాల గురించి ఒక్క మాట. 2020లో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఇంట్లో మంచం మీద పోయిన పెద్దాయన ఆ లెక్కలోకి రావడం అరుదు. ఆ పట్టికను ఆసుపత్రి మరణాల పట్టికగా చదవాలి.

ముడి డేటాతో పని చేసేవాళ్లకు

జాతీయ నమూనా సర్వే ఫైళ్లు గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో ఉచితంగా, లాసి ఫైళ్లు దరఖాస్తు మీద దొరుకుతాయి. వెయిట్లు (సర్వేలో ఒక్కొక్కరు ఎంతమంది తరఫున లెక్కో చెప్పే అంకెలు) లేకుండా తీసిన శాతం ఎందుకూ పనికిరాదు. 75వ విడతలో గుణకాన్ని, అంటే వెయిటును, 100తో భాగించాలి. రెండు ఉపనమూనాలు కలిపే చోట 200తో. ఇది మరచిపోతే దేశ జనాభా వంద రెట్లు వస్తుంది, అప్పుడు కనీసం తప్పు దొరికిపోతుంది. కుటుంబ ఆరోగ్య సర్వే వెయిటును పది లక్షలతో భాగించాలి. లాసిలో దేశానికీ రాష్ట్రానికీ వేర్వేరు వెయిట్లున్నాయి. తెలంగాణ ఒక్కదాని శాతానికి రాష్ట్ర వెయిటు తీసుకోండి. ఇక్కడ పొరపాటు జరిగితే పైకి కనబడదు.

నమూనా సర్వే చెప్పే మొత్తం సంఖ్యలు అసలు జనాభా కంటే తక్కువగా వస్తాయి. అందుకే సర్వే నుంచి శాతం మాత్రమే తీసుకుని, జనాభా అంచనాతో గుణించండి.

ఇక పొరపాటు హద్దు. ఉదాహరణకు ఒక రాష్ట్రంలో 900 మంది వృద్ధుల్లో 24 శాతానికి స్నానం, దుస్తులు, మంచం దిగడం లాంటి రోజువారీ పనుల్లో కనీసం ఒకదానికి ఇబ్బంది ఉందనుకుందాం. 0.24ను 0.76తో గుణించి, 900తో భాగించి, వర్గమూలం తీస్తే 1.4 శాతం. సర్వే కొన్ని ఊళ్లనే ఎంచుకుని ఒక్కో ఊళ్లో గుంపుగా మనుషుల్ని తీసుకుంటుంది కాబట్టి వర్గమూలానికి ముందు రెట్టింపు చేయాలి, అప్పుడు 2 శాతం. దాన్ని 1.96తో గుణిస్తే దాదాపు 4. అంటే అసలు విలువ 20కీ 28కీ మధ్య ఎక్కడో ఉంది. పక్క రాష్ట్రంలో 26 వచ్చిందని ‘మనమే మెరుగు’ అనడానికి ఆధారం లేదు.

వయసు తేడా కూడా సర్దాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఇబ్బంది 60–69 వాళ్లలో 20 శాతం, 70 దాటినవాళ్లలో 40 శాతం అనుకోండి. ఒకచోట ఈ గుంపుల వాటా 70:30, మరోచోట 55:45. మొత్తం శాతం మొదటిచోట 26, రెండోచోట 29. ఆరోగ్యంలో రవ్వంత తేడా లేకుండానే మూడు పాయింట్లు. రెండింటికీ ఒకే వాటా, దేశం మొత్తం వాటా అయితే మేలు, వేసి మళ్లీ లెక్కగట్టండి.

సంరక్షణ సేవల లెక్క

ఇక్కడికొచ్చేసరికి నేల పలచబడుతుంది. ఎంతమంది పెద్దలు ఏ సంరక్షణ పొందుతున్నారో ఏటా చెప్పే ఒకే పట్టిక మనకు లేదు. ముక్కలు ఏరుకోవాలి.

కేంద్రం సాయం పొందే వృద్ధాశ్రమాల సంఖ్య సామాజిక న్యాయ శాఖ ఇస్తుంది. అది సాయం అందుతున్న ఆశ్రమాల సంఖ్య. సొంత డబ్బుతోనో, నెలనెలా రుసుము తీసుకునో నడిచేవి అందులో ఉండవు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి తగ్గకుండా ఉండొచ్చంటుంది. జిల్లా లోటు చూపాలంటే ఆ 150ని గీటురాయిగా పెట్టుకోవచ్చు. ఆశ్రమాల్లో ఉన్నవాళ్ల ఆరోగ్యం లాసిలో దొరకదు, అది ఇళ్ల సర్వే. జాతీయ నమూనా సర్వేలో మాత్రం ‘ఒంటరిగా ఉంటున్నవారు’ కింద రెండు కోడ్లున్నాయి: ఆశ్రమవాసిగా, ఆశ్రమవాసి కాకుండా. రెండూ కలిపేసి ‘ఇళ్లలో ఒంటరి వృద్ధులు’ అని రాయొద్దు. అదే ప్రశ్నావళిలో మంచానికే పరిమితం, ఇంటికే పరిమితం, బయటికి వెళ్లగలరు అన్న ప్రశ్న కూడా ఉంది. ఇంటి వద్ద సేవల అవసరం చూపడానికి దానికి మించింది లేదు, ఎందుకో వాడేవాళ్లు తక్కువ.

పింఛన్ల జాబితాను వృద్ధుల లెక్కగా వాడకండి. వితంతు, దివ్యాంగ, చేనేత, కల్లుగీత పింఛన్లు తీసుకునేవాళ్లలోనూ అరవై దాటినవాళ్లుంటారు. తెలంగాణలో వృద్ధాప్య పింఛనుకు అర్హత వయసు 57, కాబట్టి ఆ సంఖ్యను 60 దాటిన జనాభాతో భాగిస్తే వాటా ఉన్నదాని కంటే పెద్దదిగా కనబడుతుంది. 70 దాటినవాళ్లకు ఉచిత చికిత్స కోసం 2024 అక్టోబరులో మొదలైన వయ వందన కార్డుల సంఖ్య కార్డుల సంఖ్యే. చికిత్స పొందినవాళ్లెందరో విడిగా అడగాలి. వృద్ధుల కోసం ఉన్న 14567 హెల్ప్‌లైన్ అంకెలు కాల్స్‌వి. ఒకే పెద్దావిడ పదిసార్లు చేస్తే పది.

జిల్లా అధికారులను ఆశ్రమాల సమాచారం అడిగేటప్పుడు ‘ఎంతమంది లబ్ధి పొందారు’ అని అడగకండి. ఆర్థిక సంవత్సరం, వయసు గుంపు, ఆడ మగ, మంజూరైన పడకలు, మార్చి 31 నాటికి ఉన్నవాళ్లు, ఏడాదిలో చేరినవాళ్లు, వెళ్లినవాళ్లు, చనిపోయినవాళ్లు అని గడులు గీసి పంపండి. నిరుటి మార్చి 31 సంఖ్యకు చేరినవాళ్లను కలిపి, వెళ్లినవాళ్లనూ చనిపోయినవాళ్లనూ తీసేస్తే ఈ మార్చి 31 సంఖ్య రావాలి. రాకపోతే ఫారం తిప్పి పంపండి.