పెద్దల నోటి చరిత్రను పదిలపరచడం ఎలా

అమెరికాలో 1936–38 మధ్య, ఒకప్పుడు బానిసలుగా బతికిన నల్లజాతి వృద్ధుల జ్ఞాపకాలను 2,300కు పైగా ప్రభుత్వమే రాయించి భద్రపరిచింది. అయితే అడిగినవారిలో అత్యధికులు తెల్లవారు కావడంతో చాలామంది మనసులోని మాట పూర్తిగా చెప్పలేకపోయారు. అందువల్ల చిత్తూరు పల్లెల్లో దళితవాడ పెద్దల కథలు సేకరించాలనుకుంటే, ఎవరు అడగాలన్నది ముందుగా తేల్చుకోవాలి. ఆ వాడలో పుట్టిన మనవరాలు అడగడం అన్నిటికన్నా మేలు.

“మీ చరిత్ర చెప్పండి” అంటే ఎవరికీ మాట రాదు. అంచు అరిగిన పాత పలకను (డప్పును) తాత ఒడిలో పెట్టి, గంగజాతర నాడు దాన్ని ఎక్కడ కాచేవారు, మొదటి దెబ్బ ఎవరు వేసేవారు, కూలి ఏమిచ్చేవారు, అన్నం ఎక్కడ కూర్చోబెట్టి పెట్టేవారు అని ఒక్కొక్కటిగా అడగండి. చివరి ప్రశ్నకు ఆయన మౌనంగా ఉండిపోతే తొందరపడి మాట అందించకండి. ఆ మౌనం కూడా రికార్డు కావాలి.

ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపేయండి. ఊరు, తేదీ, చెప్పినవారి వయసు మొదట్లోనే పలకండి. రాసేటప్పుడు మన యాసను పుస్తక భాషలోకి దిద్దవద్దు. ఆ మాటతీరు కూడా వారసత్వమే.

నలుగురికీ వినిపించే ముందు అనుమతి అడగండి, వద్దన్న భాగాన్ని పక్కన పెట్టండి. ఒక ప్రతి ఆ ఇంటివారికి తప్పక ఇవ్వాలి. ఊళ్లో భారతం (మహాభారత కథను ఆడి పాడే ఉత్సవం) జరిగే రోజుల్లో వలస వెళ్లినవారు కూడా తిరిగి వస్తారు కనుక, ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర వినిపించండి.