పాత జంట గొట్టాల తుపాకుల వేలం ధరలు గమనించడం ఎలా?

మా అబ్బ వదిలిపోయిన జంట గొట్టాల తుపాకీ ఒకటి చంద్రగిరి దగ్గర మా మేనమామ ఇంట్లో ఉంది. (తాతను మా వైపు అబ్బ అంటాం.) లైసెన్సు ఇప్పుడు మామ పేరు మీద ఉంది. పన్నెండు బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత), ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో చేసింది. ఒకరోజు బంధువొకాయన ఫోన్‌లో వేలం ఫోటో చూపించి, "ఇట్లాంటిదే లండన్‌లో పది లక్షలకు పోయింది మామా" అన్నాడు. ఇక ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే లెక్కలు. ఆ ఫోటోలోది మా దానిలాంటిది కానే కాదని నాకు తెలియడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మొదట తుపాకీని చదవండి

లైసెన్సు ఉన్న మనిషి చేతనే తీయించండి. రెండు గొట్టాల్లో తూటా లేదని ఆయనే చూసి, మీకూ చూపించాలి. మంచం మీద పాత తువ్వాలు పరిచి, గొట్టాల కింద ముందువైపు ఉండే చెక్క ఊడదీసి, గొట్టాలు విడదీయమనండి. గొట్టాల అడుగున, వెనక వైపు చదునుగా ఉండే చోట కిరీటం బొమ్మలు, వాటి కింద అక్షరాలు కనిపిస్తాయి. అవి ప్రూఫ్ గుర్తులు. మామూలుకన్నా బలంగా తుపాకీమందు పెట్టి పేల్చి చూసి, గొట్టం తట్టుకుందని వేసే ముద్రలు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది. లండన్‌లో ఈ ముద్రలు వేసే తుపాకీ పనివారి సంఘానికి 1637 నుంచే రాజశాసనం ఉంది. కిరీటం కింద 'ఎన్‌పీ' ఉంటే పొగరాని తుపాకీమందుకు పరీక్షించినట్టు. అది లేని మరీ పాత తుపాకీ, పొగ వచ్చే పాత నల్ల తుపాకీమందు కాలానిది కావచ్చు. అలాంటిదాన్ని తెలిసిన పనివాడు చూసి సరే అనేదాకా పేల్చకూడదు.

గొట్టాల మధ్య పట్టీ మీద ఉన్న పేరు చూసి మాత్రం పొంగిపోకండి. అది చాలాసార్లు అమ్మిన షాపు పేరే. బర్మింగ్‌హామ్ పనివాళ్ళు తుపాకీ చేసి ఇస్తే, ఎక్కడెక్కడి షాపులవాళ్ళో తమ పేరు చెక్కించుకుని అమ్మేవాళ్ళు.

తర్వాత లాక్ (తూటాను పేల్చే యంత్రం) ఎక్కడుందో చూడండి. పక్కల పలకల మీద బిగించి ఉంటే సైడ్‌లాక్, లోపలే ఇమిడి ఉంటే బాక్స్‌లాక్. బాక్స్‌లాక్ పద్ధతి వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసిన ఆన్సన్, డీలీలది, 1875 నాటిది. లండన్ కంపెనీ పర్డీ తుపాకీ తనంతట తెరుచుకునే పద్ధతికి బీస్లీ అనే తుపాకీ పనివాడు 1880లో పేటెంట్ తీసుకున్నాడు. ఒకే కంపెనీ చేసినా సైడ్‌లాక్‌కు మామూలుగా ఎక్కువ ధర పలుకుతుంది. ఫోన్‌లో మాకు చూపించింది సైడ్‌లాక్. మాది బాక్స్‌లాక్.

ఇంకో పని, స్క్రూలు చూడండి. మంచి తుపాకీలో స్క్రూల గాడులన్నీ గొట్టం పొడవునే, ఒకే వరసలో ఉంటాయి. గాడి అంచులు చిట్లి ఉంటే ఎవరో తప్పు స్క్రూడ్రైవర్‌తో విప్పారని అర్థం. మా తుపాకీలో రెండు చిట్లాయి. అంతకన్నా బాధ, ఎప్పుడో ఒక వర్క్‌షాపులో ఇచ్చి తళతళలాడేలా బఫింగ్ పట్టించారు. నగిషీలో పక్షి రెక్కల గీతలు సగం అరిగిపోయాయి. పాత రంగు, పాత నగిషీ ఉన్నది ఉన్నట్టు ఉండాలని కోరుకునేవాడికి ఆ మెరుపు నష్టమే. దయచేసి మీ ఇంట్లో ఆ పని చేయించకండి. పల్చగా నూనె రాసి పెడితే చాలు.

కేటలాగులో ఏం చూడాలి

హోల్ట్స్, బోనమ్స్, అమెరికాలో రాక్ ఐలాండ్, మార్ఫీ లాంటి వేలం సంస్థలు ప్రతి తుపాకీ గురించి వివరంగా రాస్తాయి. ధర కన్నా ముందు ఆ వివరం చదవండి. గొట్టాలు మొదటివేనా, మార్చారా, పాత వెనక భాగానికి కొత్త గొట్టం అతికించారా (దాన్ని స్లీవింగ్ అంటారు), గొట్టం గోడ ఎంత మందం ఉంది అనేవి ముఖ్యం. గోడ అంగుళంలో వెయ్యింట 20 వంతులకన్నా పల్చబడిందంటే కొనేవాళ్ళు వెనక్కి తగ్గుతారు. తూటా కూర్చునే గది పొడవు రెండున్నర అంగుళాలా, తర్వాత తొలిచి పెంచారా? జంటగా చేసిన రెండు తుపాకులూ కలిసే ఉన్నాయా? అసలు పెట్టె ఉందా? తిరుమల తలనీలాల ఈ-వేలంలో పొడవును బట్టి రకాలు, రకాన్ని బట్టి రేటు ఉన్నట్టే, ఇక్కడా పేరు ఒకటే అయినా రకం వేరు.

ధర అంటే ఏ ధర?

అందరూ తప్పులో కాలేసేది ఇక్కడే. దామలచెరువు మామిడి మండీ చూసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. పాట ఆగిన రేటు ఒకటి, కమీషన్ పోగా రైతు చేతికొచ్చేది ఇంకొకటి. ఉదాహరణకు పాట 10,000 పౌండ్ల దగ్గర ఆగిందనుకోండి. కొన్నవాడి మీద వేలం సంస్థ వేసుకునే 25 శాతం ప్రీమియం, ఆ ప్రీమియం మీద 20 శాతం పన్ను ఉంటే, అతను కట్టేది 13,000. అమ్మినవాడి నుంచి 15 శాతం కమీషన్ పట్టుకుంటే అతనికి చేరేది 8,500. ఒకే తుపాకీకి మూడు ధరలు. శాతాలు సంస్థను బట్టి మారతాయి, వాళ్ళ షరతుల పేజీలో ఉంటాయి. బోనమ్స్ ఫలితాల్లో ప్రీమియం కలిపే చూపిస్తారు. ఇతర చోట్ల కలిపారో లేదో చూసుకుని, అన్నిటినీ పాట ఆగిన ధరకు మార్చి రాసుకోండి.

నేను ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టుకున్నాను. తేదీ, కంపెనీ, సీరియల్ నంబరు, లాక్ రకం, బోరు, గొట్టాల సంగతి, అంచనా ధర, పాట ఆగిన ధర. రూపాయల్లోకి మార్చను, మారకం రేటుతో లెక్క చెడిపోతుంది. అన్ని కంపెనీల వెంట పడకుండా ఒకటి రెండింటినే పట్టుకోండి. అమ్ముడుపోనివి తప్పకుండా రాయండి, అంచనా ఎక్కడ ఎక్కువైందో అవే చెబుతాయి. సీరియల్ నంబరు ఉంటే అదే తుపాకీ మళ్ళీ వేలానికి వచ్చినప్పుడు పట్టుకోవచ్చు. ఆ నంబరు పట్టుకుని వెతకడానికి పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి కంపెనీల దగ్గర పాత లెడ్జర్లు ఇప్పటికీ ఉన్నాయి.

పెద్ద అంకెలను మాత్రం పక్కన పెట్టండి. 2010లో అమెరికాలో ఫాక్స్ అనే కంపెనీ తుపాకీ ఒకటి 8,62,500 డాలర్లకు పోయింది. అది అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తన ఆఫ్రికా వేటకు తీసుకెళ్ళిన తుపాకీ. ఆ డబ్బు ఆయన పేరుకు. ఇంకో ఫాక్స్‌కు దాంతో సంబంధం లేదు.

మన దగ్గర సంగతి

అక్కడి ధర ఇక్కడ పనిచేయదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవారికో, లైసెన్సున్న డీలరుకో తప్ప అమ్మకూడదు. 2019 సవరణతో ఒకరు ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినదానికీ వారసుడు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు చేయాల్సిందే. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది కాబట్టి పాత లైసెన్సు పుస్తకాల్లో చిత్తూరు అని ఉంటుంది. ఇప్పుడు ఏ కలెక్టరేట్‌కు వెళ్ళాలో ముందే కనుక్కోండి.

లండన్ వేలం ఉదయం పదికి మొదలైతే మనకు ఎండాకాలంలో మధ్యాహ్నం రెండున్నర, చలికాలంలో మూడున్నర. మామ, నేను భోజనం చేసి కూర్చుంటాం. మొన్న మా దానిలాంటి బర్మింగ్‌హామ్ బాక్స్‌లాక్ వచ్చింది. స్క్రూలు బాగున్నాయి, నగిషీ చెక్కుచెదరలేదు. పాట ఆగిన ధర రాసుకున్నాక, మామ నోట్‌బుక్ తన వైపు తిప్పుకుని, పక్కన చిన్న అక్షరాల్లో "బఫింగ్ లేదు" అని తనే రాశాడు.