విజిటింగ్ కార్డులో ఒత్తులు చెదిరితే: నా అనుభవం

అమలాపురంలో మా బావగారి కొబ్బరికాయల వ్యాపారానికి కార్డు నేనే డిజైన్ చేశాను. నా కంప్యూటర్‌లో చక్కగా కనబడిన తెలుగు, ప్రెస్‌లో ఫైలు తెరవగానే చెదిరిపోయింది. "కొబ్బరి"లో బ ఒత్తు పక్కకొచ్చి విడిగా నిలబడింది. నాది యూనికోడ్ ఫాంటు, అంటే ఫోన్లలో, వెబ్‌లో వాడే రకం. అక్కడి పాత కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి ఆ ఫాంటులో ఒత్తులు కూర్చడం రాదు. వాళ్ల పనంతా అను ఫాంట్లతోనే, అవి యూనికోడ్ కావు.

అందుకే ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలన్నీ ఎంచుకుని 'ఆబ్జెక్ట్ టు పాత్' కొట్టాను. అక్షరాలు గీతలుగా మారిపోతాయి, ఇక ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఫాంటుతో పనిలేదు. అయితే ఆ తర్వాత ఫోన్ నంబరు మార్చాలన్నా టైపు చేయలేం. అందుకే అసలు ఫైలు తప్పకుండా విడిగా దాచుకోండి.

పనిలో పనిగా మిగతావీ చూసుకున్నాను. కార్డు 90×54 మి.మీ. వెనకున్న ఆకుపచ్చ రంగును నాలుగు వైపులా 3 మి.మీ. బయటికి సాగదీశాను, కటింగ్‌లో బ్లేడు కాస్త జరిగినా అంచున తెల్లగీత పడదు. రంగుల్ని స్క్రైబస్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సీఎంవైకేలోకి, అంటే అచ్చులో వాడే నాలుగు సిరాల (సయాన్ నీలం, మెజెంటా, పసుపు, నలుపు) లెక్కలోకి మార్చాను. తెర మీది మెరుపు పచ్చ కొంచెం మందగించింది, అది బావగారికి ముందే చూపించాను. చిన్న అక్షరాలకు నల్ల సిరా ఒక్కటే 100 శాతం, మిగతా మూడూ సున్నా. నాలుగు సిరాలూ కలిపితే ఆఫ్‌సెట్ అచ్చులో అవి ఒకదానిమీద ఒకటి పడడంలో వెంట్రుకవాసి తప్పినా అక్షరం అంచు మసకబారుతుంది.